తేనీటికి శాస్త్రము వ్రాసిన లూ యూ

లోకమునందు పేరు నిలిచినవారి చరిత్రములను పరిశీలించినచో వారు రెండు తెగలుగా కనబడుదురు. కొందరు రాజ్యములను గెలిచి, కోటలను కట్టించి, శాసనములను చెక్కించి తమ పేరును నిలుపుకొనజూచిరి. వారి కోటలు కూలినవి. శాసనములు చదువువారు లేక పొలముగట్లమీద పడియున్నవి. మరికొందరు అందరి యింటను నిత్యము జరుగు ఒక చిన్నపనిని చేపట్టి, దానిలో దాగియున్న శాస్త్రమును వెలికితీసి లోకమున కప్పగించి వెడలిపోయిరి. వీరికి సింహాసనములు లేవు. అయినను వీరి పేరు జనుల వాడుకలో కలిసి చెక్కుచెదరక నిలిచియున్నది. ఈ రెండవ తెగకు చెందినవాడు చీనాదేశపు లూ యూ. అతడు చేపట్టిన చిన్నపని తేనీరు కాచుట.

నస్పూరు పరిసరములందలి నేలబొగ్గు గనులలో షిఫ్టు ముగించుకొని వచ్చు కార్మికుడు ఇల్లు చేరుటకు ముందు హోటలు ముంగిట నిలిచి ఒక కప్పు చాయ త్రాగును. పొలమునకు పోవు రైతు త్రాగును. ఇంటికి వచ్చిన చుట్టమునకు కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చిన పిమ్మట ఇచ్చునదియు అదియే. ఇంతగా మన బ్రదుకులో కలిసిన యీ పానీయము కొన్ని తరములకు పూర్వము మన పల్లెలలో లేదు. చాయ అను మాటయు, టీ అను మాటయు రెండును చీనాదేశమునుండి వచ్చినవే. ఆ దేశమున పెక్కు ప్రాంతములవారు దీనిని చా అందురు. అది భూమార్గమున పారసీకదేశము మీదుగా చాయ యయి మనకు చేరినది. ఆగ్నేయతీరమున ఫూజియన్ ప్రాంతమువారు తే అందురు. అది ఓడలనెక్కి ఐరోపాకు పోయి, టీ యయి మరల మన యొద్దకు వచ్చినది. ఆ యాకును గూర్చి మొట్టమొదట సమగ్రమైన గ్రంథము వ్రాసినవాడు ఎవడో, అతడెట్టి యిడుమలు పడి ఆ గ్రంథము వ్రాసెనో తెలిసికొనుట చాయ త్రాగువారందరికిని ఉచితము.

లూ యూ సుమారు 733వ సంవత్సరమున, చీనాదేశము తాంగ్ వంశపు చక్రవర్తుల యేలుబడిలో మిక్కిలి వైభవముతో నున్న కాలమున జన్మించెను. అతని తల్లిదండ్రులెవరో ఎవరికిని తెలియదు. నేటి హూబే రాష్ట్రమునందలి తియన్‌మెన్ పట్టణమునకు ఆ కాలమున జింగ్‌లింగ్ అని పేరు. అచ్చటి బౌద్ధవిహారమునకు అధిపతియైన జిజి అను భిక్షువు సరస్సు గట్టున దిక్కులేక పడియున్న శిశువును చూచి, జాలిగొని, విహారమునకు తెచ్చి పెంచెను. అడవిబాతులు ఆ శిశువును రెక్కలతో కప్పి కాపాడుచుండగా భిక్షువు చూచెనని పిదపవారు కథగా చెప్పుకొందురు. పక్షులు కాచుచుండిన పసికందును కణ్వమహర్షి తెచ్చి శకుంతల యని పెంచిన వృత్తాంత మెరిగిన మనకు ఈ కథ క్రొత్తగా తోచదు.

కులగోత్రములు తెలియని బాలునకు పేరు పెట్టుటయెట్లు? చీనావారికి పరివర్తనములను గూర్చిన పురాతన గ్రంథమొకటి కలదు. దానిని ముందిడుకొని శకునము చూడగా, అడవిబాతు మెల్లమెల్లగా నేలకు చేరుటను గూర్చిన ఘట్టము వచ్చెను. అందుండియే ఇంటిపేరుగా లూ అనియు, పేరుగా యూ అనియు గ్రహింపబడెను. లూ అనగా నేల. యూ అనగా ఈక. తండ్రి ఇంటినుండి రావలసిన పేరు గ్రంథమునుండి వచ్చెను. అతని జీవితమంతయు ఆ పేరునకు తగినట్లే నడచెను. అతనికి చుట్టములును, ఆస్తియు పుస్తకములే.

తొమ్మిదేండ్ల వయస్సున బాలుడు అక్షరములు దిద్దసాగెను. భిక్షువు అతనికి బౌద్ధధర్మమును బోధింపదలచెను. బాలుడు కన్‌ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథములను చదువగోరెను. తనకు అన్నదమ్ములు లేరు. తాను సన్న్యసించినచో వంశము నిలువదు. అది పుత్రధర్మమెట్లగునని గురువునే ప్రశ్నించెను. వంశమే తెలియని బాలుడు వంశము నిలుపుటను గూర్చి పలుకుట విన్నవారి హృదయమును కలచివేయక మానదు. గురువునకు మాత్రము ఆ మాట ధిక్కారముగా తోచెను. బాలుని గర్వము అణచవలెనని తలచి, విహారమును ఊడ్చుట, మరుగుదొడ్లు కడుగుట, గోడలకు పూయు మట్టిని త్రొక్కుట, పెంకులు మోయుట, పశువులు కాచుట మొదలగు పనులు పెట్టెను. తాను కాచిన పశువులను లూ యూ స్వీయచరిత్రమునందు గిట్టల లెక్కన చెప్పియున్నాడు. గిట్టలు 120; అనగా పశువులు 30.

ఆ పశువుల కాపరికి కాగితము లేదు. వెదురుపుల్లతో ఆవు వీపుమీద అక్షరములు వ్రాసికొనుచుండెను. ఒకనాడొక పండితుని అక్షరములు అడుగగా, ఆయన ప్రాచీనకవియైన జాంగ్ హెంగ్ రచించిన కావ్యప్రతిని ఇచ్చెను. అందలి అక్షరములు బాలునకు తెలియవు. అయినను మేతబీడునందు చదువుకొను పిల్లలవలె నిటారుగా కూర్చుండి, ఆ ప్రతిని ముందు విప్పుకొని, పెదవులు కదలించుచుండెను. చదువురాని పిల్లవాడు చదువుచున్నట్లు నటించుట చూచువారికి నవ్వు పుట్టింపవచ్చును. కాని విద్యను కోరుటకంటె విద్యకు మొదటిమెట్టు వేరొకటి లేదు. ఏకలవ్యునకు గురువు విగ్రహమైనను ఉండెను. ఈ బాలునకు అర్థముకాని అక్షరములే గురువులు.

ఈ సంగతి విహారమున తెలిసెను. బయటి గ్రంథములవలన బాలుని మనస్సు చెడునని భయపడి, భిక్షువు అతనిని బయటకు పోనీయక, పొదలు నరుకు పనిలో ఉంచి, ఒక పెద్దశిష్యుని కాపుంచెను. పని నడుమ లూ యూకు ఏదో యొక అక్షరము జ్ఞాపకమునకు వచ్చుచుండెను. దాని రూపమును తలచుకొనుచు కొయ్యవలె నిలిచిపోవుచుండెను. కాపున్నవాడు అది సోమరితనమనుకొని బెత్తముతో కొట్టుచుండెను. ఒకమారు ఆ బెత్తము అతని వీపుమీదనే విరిగెను. దెబ్బలకంటె, ఏండ్లు గడచిపోవుచున్నను చదువబ్బలేదను దుఃఖమే అతనిని ఎక్కువగా బాధించెను. తుదకు విహారమును విడిచి పారిపోయి, ఊరూర తిరుగు నాటకగుంపులో చేరెను.

లూ యూ చక్కనివాడు కాడు, మాట నత్తి. ఈ రెండింటిని స్వీయచరిత్రమున తానే దాచక చెప్పెను. అట్టివాడు రంగస్థలమెక్కి హాస్యగాడై జనులను నవ్వించెను. హాస్యప్రసంగములను వ్రాసెను. లోకము ఏ లోపములను చూచి నవ్వుచుండెనో వానినే జీవనోపాధి చేసికొనెను. ఈ సమయమున జిజి భిక్షువు అతనిని వెదకుకొనుచు వచ్చి, కష్టపెట్టినందుకు నొచ్చుకొని, ఇకమీదట ఇష్టమైన గ్రంథములనే చదువుకొమ్మని చెప్పెను. ఆ వృద్ధుని కాఠిన్యము వెనుక ప్రేమయు ఉండెననుట ఇందువలన స్పష్టము. ఆ ప్రేమను లూ యూ తుదివరకును మరువలేదు.

746వ సంవత్సర ప్రాంతమున జింగ్‌లింగ్‌కు లీ చీవూ అను అధికారి పాలకుడుగా వచ్చెను. ఆయన రాజధానిలో ఉన్నతపదవినుండి తొలగింపబడి దూరదేశమునకు పంపబడినవాడు. ఒక ఉత్సవమున నటులకు నాయకుడుగా నున్న లూ యూను చూచి, అతని తెలివికి మెచ్చి, చేయిపట్టుకొని వీపు నిమిరి, స్వయముగా ఒక కావ్యసంపుటిని అతని చేతిలో పెట్టెను. బెత్తము విరిగిన వీపుమీద ఒక ఆదరపు చేయి పడుట అదియే మొదలు. తరువాత అతడు హ్వోమెన్ పర్వతమునందు జౌ అను గురువు చెంత విద్య నభ్యసించెను. 752వ సంవత్సరమున త్సుయ్ గ్వోఫూ అను మరియొక అధికారియు పదవి తగ్గింపబడి ఆ పట్టణమునకే వచ్చెను. ఆయన కవి. ఇరువురును ఏండ్ల తరబడి కలిసి తిరిగిరి. విడిపోవునప్పుడు త్సుయ్ అతనికి మూడు కానుకలిచ్చెను: ఒక తెల్లగాడిద, ఒక మూపుటెద్దు, పుస్తకములు పెట్టుకొనుటకు చారల కొయ్యతో చేసిన పెట్టె యొకటి. ఆవు వీపు పలకగా చేసికొన్నవానికి పుస్తకముల పెట్టె లభించెను.

755వ సంవత్సరమున ఆన్ లూషాన్ అను సేనాని చక్రవర్తిమీద తిరుగుబాటు చేసెను. ఆ యుద్ధము 763 వరకు సాగి ఉత్తరదేశమును చిన్నాభిన్నము చేసెను. జనులు గుంపులుగా యాంగ్‌ట్సే నదిని దాటి దక్షిణమునకు వలసపోయిరి. వారిలో లూ యూయు ఒకడు. తాయ్‌హూ సరస్సునకు దక్షిణమున హూజౌ అను పట్టణము కలదు. అచ్చట జ్యావోరన్ అను భిక్షుకవితో అతనికి మైత్రి కుదిరెను. బాల్యమున ఒక భిక్షువు చదువు నిరాకరింపగా, యౌవనమున మరియొక భిక్షువు ఆశ్రయమిచ్చి అతని విద్యను పోషించెను. ఆ స్నేహము జీవితాంతము నిలిచెను.

760వ సంవత్సరమున లూ యూ ఆ ప్రాంతపు వాగు గట్టున కుటీరము వేసికొని, తలుపు మూసికొని గ్రంథములు చదువసాగెను. చదువు చాలించినప్పుడు చిన్నపడవ నెక్కి కొండగుళ్లకు పోవుచుండెను. పొట్టిచొక్కాయ, నారచెప్పులు అతని వేషము. అడవిలో ఒంటరిగా తిరుగుచు, పద్యములు చదువుచు, కఱ్ఱతో చెట్లను తట్టుచు, ప్రొద్దు క్రుంకినపిదప ఏడ్చుచు ఇల్లు చేరుచుండెను. జనులు అతనిని పిచ్చివాడనిరి. కాని ఇచ్చిన మాటకొరకు మంచునుగాని పులులనుగాని లెక్కింపక ఆమడలకొలది నడచిపోవుట అతని స్వభావము. ఈ తిరుగుళ్లలోనే అతడు తేయాకు చెట్లను, అవి మొలచు నేలలను, కోయువారిని, కాల్చువారిని, ఊటలను, వాగులను తన కన్నులతో చూచి తెలిసికొనెను.

అప్పటికి చీనావారు తేయాకును ఎరుగకపోలేదు. శతాబ్దములుగా త్రాగుచునే యుండిరి. అయితే ఉల్లి, అల్లము, రేగుపండ్లు, నారింజతొక్క, పుదీనా మున్నగునవి కలిపి కషాయమువలె కాచుచుండిరి. లూ యూకు అది మురికినీటితో సమానముగా తోచెను. అల్లపు చాయకు అలవాటుపడినవారికి ఈ తీర్పు కొంత కష్టముగా ఉండవచ్చును. అతడు కూడ చిటికెడు ఉప్పును మాత్రము వదలలేదు. అతని ముఖ్యాభిప్రాయమేమనగా, ఆకునకు సహజమైన రుచి యొకటి కలదు. దానిని కప్పిపుచ్చుట వంట కాదు. దానిని పలికించుటయే వంట.

ఈ యనుభవమంతయు ఒక గ్రంథమయ్యెను. దాని పేరు చాజింగ్; అనగా తేయాకు వేదము. 760 మొదలు 780 వరకు గల కాలమున అది క్రమముగా పూర్తియయ్యెను. అక్షరముల సంఖ్య 7,000 కు కొంచెము మించును. మూడు భాగములు, పది అధ్యాయములు. చెట్టు పుట్టుక, ఆకు తయారుచేయు పనిముట్లు, తయారుచేయు విధము, కాచు పాత్రలు, కాచు విధము, త్రాగు విధము, పూర్వగ్రంథములలోని వృత్తాంతములు, ఆకు పండు దేశములు, వదలదగినవి, చిత్రపటములు అని వరుసగా పది విషయములు. ఆకు కోయుట, ఆవిరిమీద ఉడికించుట, దంచుట, అచ్చువేయుట, నిప్పుసెగకు ఆరబెట్టుట, త్రాట గ్రుచ్చుట, మూటగట్టుట అని తయారీకి ఏడు మెట్లు చెప్పెను. ఆ కాలపు తేయాకు అచ్చుబిళ్లల రూపమున ఉండెడిది. దానిని కాల్చి, నూరి, జల్లించి, పొడిని మరుగునీట వేయుచుండిరి.

నీటిని గూర్చి అతడు చెప్పినది వినదగినది. వాగ్భటుడు అష్టాంగహృదయమున సూత్రస్థానము ఐదవ అధ్యాయమునందు నీటి గుణదోషములను విభజించెను. లూ యూయు అట్లే విభజించెను. కొండ ఊటనీరు ఉత్తమము, నదినీరు మధ్యమము, బావినీరు అధమము. ఊటలలోను రాళ్లమీద మెల్లగా పారునది మేలు. వడిగా దుముకునది పనికిరాదు. నదినీరైనచో జనసంచారమునకు దూరమున ముంచుకొనవలెను. బావినీరైనచో పలువురు నిత్యము తోడు బావినుండి తెచ్చుకొనవలెను. గోదావరి చెంత నివసించువారును, చేదబావి నెరిగినవారును ఈ మాటలలోని అనుభవమును వెంటనే గుర్తింతురు.

నిప్పునకు కట్టెబొగ్గు శ్రేష్ఠమనియు, గట్టికొయ్య తరువాతిదనియు చెప్పెను. మాంసము కాల్చి జిడ్డు పట్టిన బొగ్గును, పుచ్చిన కొయ్యను వాడరాదనెను. నీరు మూడుమారులు మరుగును. చేపకన్నులవంటి బుడగలు లేచి సన్నని సవ్వడి వినబడినప్పుడు మొదటి మరుగు. అప్పుడు ఉప్పు వేయవలెను. పాత్ర అంచుల ముత్యాలసరమువలె బుడగలు వచ్చినప్పుడు రెండవ మరుగు. అప్పుడు ఒక గరిటెడు నీరు తీసి ప్రక్కనుంచి, వెదురుపుల్లతో సుడి త్రిప్పి, నడుమ పొడి వేయవలెను. అలలవలె పొంగినప్పుడు మూడవ మరుగు. అప్పుడు తీసియుంచిన నీటిని తిరిగి పోసి పొంగు నణచవలెను. అంతకు మించి మరగిన నీరు ముసలిదగును, త్రాగరాదు. గడియారము లేని కాలమున కంటితోను చెవితోను కాలమును కొలిచిన విధమిది.

పాత్రలు 24 అని లెక్క చెప్పెను. వానిలో మొదటిది మూడుకాళ్ల పొయ్యి. దానిమీద నీరు, గాలి, నిప్పు అను మూడింటి గుర్తులు ఉండవలెను. తిరుగుబాటు అణగిన మరుసటి సంవత్సరమున, అనగా 764లో, ఆ పొయ్యి పోతపోయబడినదను సంగతి దాని కాలిమీద చెక్కబడెను. దేశము శాంతించిన యానందమును రాజు జయస్తంభముమీద చెక్కించును. లూ యూ పొయ్యికాలిమీద చెక్కించెను. గిన్నెలలో ఉత్తరదేశపు షింగ్ అను చోట చేసిన తెల్లనివానిని కొందరు మెచ్చుచుండిరి. అతడు దక్షిణదేశపు యుయె అను చోటి ఆకుపచ్చ గిన్నెలనే మెచ్చెను. తెల్లగిన్నెలో తేనీరు ఎఱ్ఱగా కనబడును. ఆకుపచ్చగిన్నెలో దాని పచ్చదనము ఇనుమడించును. గిన్నె యందము గిన్నెకొరకు కాదు, అందు పోసిన దానికొరకని అతని మతము.

ఇన్ని పాత్రలు చెప్పినవాడు ఆడంబరప్రియుడని తలపరాదు. తొమ్మిదవ అధ్యాయమున, కొండలలోను పాడుగుళ్లలోను తేనీరు కాచుకొనునప్పుడు ఏయే పాత్రలను వదలివేయవచ్చునో వివరించెను. దేవదారు వనమున బండమీద కూర్చుండినవారికి పీట యక్కరలేదు. ఊటప్రక్క నున్నవారికి నీటికుండ యక్కరలేదు. ధనవంతుల యిండ్లలో మాత్రము 24 లో ఒకటియు తగ్గరాదు. ఉన్నవానికి నియమము, లేనివానికి సడలింపు. తేనీరు శీలమును మితవ్యయమును పాటించువారికి తగినదని గ్రంథము మొదటనే చెప్పెను.

773వ సంవత్సరమున హూజౌకు యెన్ జెన్‌చింగ్ పాలకుడుగా ఉండెను. చీనాదేశపు లేఖనకళలో అగ్రగణ్యుడు, యుద్ధమున దేశమును కాచిన ధీరుడు ఆయనయే. ఆయన 360 సంపుటముల మహానిఘంటువును కూర్పించుచు పండితులను చేర్చుకొనగా, వారిలో లూ యూకును స్థానము దొరకెను. ఆవు వీపుమీద అక్షరములు వ్రాసికొన్నవాడు దేశమునకు నిఘంటువు కూర్చువారి పంక్తిని కూర్చుండెను.

ఇంతటి వానికి జీవితమున ఒక ఘోరావమానము జరిగెను. దానిని ఆ శతాబ్దమువాడే యైన ఫెంగ్ యెన్ అను అధికారి తన గ్రంథమున వ్రాసియున్నాడు. లూ యూ సిద్ధాంతములను తీసికొని, వానికి మెరుగులు దిద్ది ప్రచారము చేసిన చాంగ్ బోష్యుంగ్ అనువాడొకడుండెను. లీ జీచింగ్ అను రాజప్రతినిధి దక్షిణదేశమున తనిఖీకి వచ్చినప్పుడు, ఈ చాంగ్ పసుపుపచ్చని అంగీయు నల్లని టోపీయు ధరించి, ఒక్కొక్క పాత్ర పేరును చెప్పుచు తేనీరు కాచి యిచ్చెను. ప్రతినిధి మెచ్చి రెండు గిన్నెలు త్రాగెను. తరువాత లూ యూను పిలిపించిరి. అతడు నిత్యము తొడుగు పల్లెటూరి బట్టలతోనే పాత్రలు తీసికొనివచ్చి, అదే విధముగా కాచెను. ఆ విధము తనదే గదా! ప్రతినిధికి మాత్రము వేషము తక్కువైనవాడు అనుకరణ చేయుచున్నట్లు తోచెను. త్రాగుట ముగించి, తేనీరు కాచినవానికి 30 కాసులు కూలి యిమ్మని బంటునకు ఆజ్ఞాపించెను.

మూలము కూలియయ్యెను, నకలు పండితుడయ్యెను. పేరుపొందినవారితో సమానముగా మెలగుచుండిన లూ యూ సిగ్గుతో కుమిలిపోయి, తేనీటిని ఖండించుచు ఒక వ్యాసము వ్రాసెను. కోపములో తన బిడ్డనే తిట్టిన తండ్రి చందముగా నున్నది ఆ పని. ఆ వ్యాసము ఇప్పుడు దొరకదు. పేరు మాత్రము మిగిలినది. చాజింగ్ మాత్రము పన్నెండు శతాబ్దములు దాటి నిలిచియున్నది. మనుష్యుడు నొచ్చినప్పుడు వ్రాసినదానిని కాలము విడిచిపెట్టి, ఓపికతో వ్రాసినదానిని దాచుకొనెను. అవమానించిన ప్రతినిధి పేరును లోకము స్మరించుచున్నదన్నను, అది లూ యూ కథలో వచ్చుటచేతనే.

గ్రంథము వ్యాపించినకొలది తేనీరు దేశమంతట వ్యాపించెను. వ్యాపారులు లూ యూ మట్టిబొమ్మలను చేయించి పొయ్యి చెంత పెట్టుకొని పూజించుచుండిరి. బేరము సాగనప్పుడు ఆ బొమ్మమీదనే మరుగునీరు పోయుచుండిరట! కీర్తి యెంత చల్లనిదో అంత వేడిదియు. ప్రభుత్వమువారు 793వ సంవత్సరమున తేయాకుమీద పదింట ఒకవంతు పన్ను విధింపగా, ఏటికి 400,000 సరముల కాసులు ఖజానాకు చేరెను. హూజౌ ప్రాంతపు గూజూ కొండలలో 770వ సంవత్సరమున చక్రవర్తికి పంపు ఆకు కొరకు ప్రత్యేకముగా కార్యాలయము వెలసెను. తరువాతి కాలమున ఆ ఆకుకొరకు ఏటేట 30,000 మంది నెలలకొలది పనిచేయవలసివచ్చెనని 9వ శతాబ్దపు భూగోళగ్రంథము తెలుపుచున్నది. మితవ్యయమునకు గుర్తుగా అతడు మెచ్చిన ఆకు కూలీలకు మోయరాని బరువయ్యెను. ఒకరి తీరికవేళ ఆనందము వెనుక మరియొకరి చెమట యుండుట మరువరాని సత్యము. గనులలో బొగ్గు త్రవ్వువారి నడుమ మసలువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చక్రవర్తి లూ యూను యువరాజునకు సాహిత్యాచార్యుడుగా నియమించెను. మరియొక పదవినిగూడ ఇచ్చెను. అతడు దేనిని స్వీకరింపలేదు. ఎక్కడనో తిరుగుచుండగా జిజి భిక్షువు మరణించిన వార్త తెలిసెను. తన్ను కొట్టించిన గురువు, వెదకుకొని వచ్చి క్షమించుమన్నట్లు నిలిచిన గురువు, సరస్సు గట్టునుండి ఎత్తుకొని వచ్చిన తండ్రి పోయెను. లూ యూ వెక్కివెక్కి యేడ్చి ఒక గీతము రచించెను. బంగారుపాత్రలయందుగాని పదవులయందుగాని తనకు కోరిక లేదనియు, జింగ్‌లింగ్ వైపు పారు ఏటినీటినే మనస్సు కోరుచున్నదనియు దాని భావము. నీటి తారతమ్యములన్నిటిని ఎంచి చెప్పినవానికి తుదకు పుట్టిపెరిగిన యూరి నీరే ప్రియమయ్యెను. 804వ సంవత్సరమున అతడు హూజౌలో కన్నుమూసెను. భార్యాబిడ్డల ప్రసక్తి అతని చరిత్రమున లేదు. వంశము నిలువవలెనని బాల్యమున వాదించిన వానికి గ్రంథమే వంశమయ్యెను.

చాజింగ్ ప్రతులలో మనకు దొరకు ప్రాచీనమైన అచ్చు 1273వ సంవత్సరపు సంకలనములోనిది. 1191లో ఎయిసాయి అను జపాను భిక్షువు చీనానుండి తేయాకు గింజలను తన దేశమునకు తెచ్చి, 1211లో తేనీరు ఆరోగ్యమునకు మేలని గ్రంథము వ్రాసెను. ఆ దేశముననే 1522 మొదలు 1591 వరకు జీవించిన సెన్ నో రిక్యూ చిన్న గుడిసెలో, మోటుగిన్నెతో తేనీరిచ్చుటను ఒక ధర్మముగా తీర్చెను. చీనాలో 1391 తరువాత అచ్చుబిళ్లలు వెనుకబడి విడియాకు వాడుకలోనికి రాగా, యీషింగ్ అను చోట ఎఱ్ఱమట్టి కూజాలు ప్రసిద్ధికెక్కెను. నేడు పలుదేశములలో ఆకుల రకములను, గిన్నెల రంగులను, కూజాల మట్టిని పరీక్షించి ఆనందించుట ఒక వ్యాసంగముగా చేసికొన్నవారు పెక్కురు కలరు. ఆకు మారినది, పాత్రలు మారినవి, కాచు తీరును మారినది. ఆకునకు, నీటికి, నిప్పునకు, గిన్నెకు వేరువేరుగా మర్యాద చేయవలెనను బుద్ధి మాత్రము లూ యూ యిచ్చినదే.

చాజింగ్ పదవ అధ్యాయము మిక్కిలి చిన్నది. అందు లూ యూ చెప్పినది ఒక్కటే సంగతి. ఈ గ్రంథమంతయు నాలుగు లేక ఆరు పట్టుగుడ్డలమీద వ్రాయించి, కూర్చుండు చోట గోడకు వ్రేలాడగట్టవలెను. అప్పుడు మొదటినుండి తుదివరకు సమస్తమును కన్నులయెదుట నిలుచును. అక్షరము తలచుకొన్నందుకు బెత్తపుదెబ్బ తిన్నవాడు ఈ మాట వ్రాసెను. కష్టపడి సంపాదించిన విద్యను పెట్టెలో పెట్టి తాళము వేయక, వచ్చి కూర్చుండిన వారందరికి కనబడునట్లు గోడకు వ్రేలాడగట్టుమనెను. గ్రంథాలయమనగా ఇంతకంటె వేరే అర్థము లేదు. ఊరి నడుమ నాలుగు బీరువాలు, రెండు బల్లలు, తెరచిన తలుపు. లోపలికి వచ్చినవాని కులమునుగాని వేషమునుగాని అడుగని చోటు. పశువులు కాచు బాలుడొకడు అర్థముకాని పుస్తకమును విప్పుకొని పెదవులు కదలించినచో, అతనిని చూచి నవ్వక, ప్రక్కన కూర్చుండి ఆ మొదటి అక్షరమును చెప్పువారు ప్రతి గ్రామమునను ఉందురుగాక! పాతిక సంవత్సరములు తెరచియుంచిన తలుపు ఇకముందును తెరచియుండుగాక!